ఎస్‌క్యూఎల్‌లో 'నాట్': వద్దన్నవి తీసేస్తే కావాల్సినవీ ఎందుకు పోతాయి?

ఎస్‌క్యూఎల్ అంటే డేటాబేస్‌లోని టేబుళ్లను ప్రశ్నలడిగే భాష, అందులో నాట్ అంటే 'కాదు'. మిర్యాలగూడ దగ్గర ఒక వడ్ల కొనుగోలు కేంద్రం రిజిస్టర్ 'వడ్లు' అనే టేబుల్‌లో ఉందనుకోండి. ఐడీ (రైతుది), మండలం, తేమ కాలమ్‌లు, మొత్తం 200 వరుసలు. అందులో వేములపల్లివి 60. అవి కాక మిగతావి కావాలి. (కీవర్డులు ఇక్కడ తెలుగులో రాశాం, టైప్ చేసేది ఇంగ్లిష్ అక్షరాల్లోనే.)

సెలెక్ట్ * ఫ్రమ్ వడ్లు వేర్ నాట్ (మండలం = 'వేములపల్లి');

140 రావాలి, 131 వచ్చాయి. ఆ 9 వరుసల్లో మండలం గడి నింపలేదు, అంటే నల్. నల్‌ను = తో పోలిస్తే నిజమూ కాదు, అబద్ధమూ కాదు, 'తెలియదు' అని వస్తుంది. దానికి నాట్ తగిలించినా తెలియదే. షరతు పెట్టే వేర్ మాత్రం నిజమని తేలినవాటినే పోనిస్తుంది. <> (సమానం కాదు) వాడినా ఇదే గతి. ఆ 9 కూడా కావాలంటే విడిగా అడగాలి:

వేర్ మండలం <> 'వేములపల్లి' ఆర్ మండలం ఈజ్ నల్

పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో 'ఈజ్ డిస్టింక్ట్ ఫ్రమ్' ఒక్కటే సరిపోతుంది.

తేమ దగ్గర ఇది ఇంకా ఇబ్బంది. వడ్లకు హద్దు 17 శాతం. తేమ <= 17 ఒక లిస్టు, నాట్ (తేమ <= 17) ఇంకో లిస్టు తీస్తే, మీటర్ పెట్టి చూడని కుప్ప రెండింట్లోనూ కనబడదు. రెండు లెక్కలు కూడి మొత్తంతో సరిచూడండి, తేడా వస్తే అది నల్ పనే.

మనం 'వేములపల్లి గానీ త్రిపురారం గానీ వద్దు' అంటాం. ఆ 'గానీ'ని ఆర్ అనుకుని మండలం <> 'వేములపల్లి' ఆర్ మండలం <> 'త్రిపురారం' అని రాస్తే, మండలం ఉన్న ప్రతి వరుసా వచ్చేస్తుంది. ఏ ఊరైనా రెండిట్లో ఒకటి కాదు కదా! అక్కడ అండ్ ఉండాలి. లేదా నాట్ (… ఆర్ …) అని బ్రాకెట్ పెట్టాలి. బ్రాకెట్ మరిస్తే నాట్ మొదటి షరతుకే అంటుకుంటుంది.

అన్నిటికన్నా మోసం చేసేది నాట్ ఇన్. డబ్బులు పడ్డవాళ్ల వివరాలు 'చెల్లింపులు' అనే ఇంకో టేబుల్‌లో ఉన్నాయి. డబ్బులు పడని రైతుల కోసం ఐడీ నాట్ ఇన్ (సెలెక్ట్ రైతు_ఐడీ ఫ్రమ్ చెల్లింపులు) అని రాశారు. చెల్లింపుల్లో ఒక్క రైతు_ఐడీ నల్ ఉన్నా, దానితో పోలిక 'తెలియదు' అవుతుంది కాబట్టి ఫలితం సున్నా. ఎర్రర్ రాదు, అందరికీ డబ్బులు పడ్డట్టే కనిపిస్తుంది. దాని బదులు ఇలా రాయండి ('చె' అంటే చెల్లింపులు టేబుల్‌కి పొట్టి పేరు):

వేర్ నాట్ ఎగ్జిస్ట్స్ (సెలెక్ట్ 1 ఫ్రమ్ చెల్లింపులు చె వేర్ చె.రైతు_ఐడీ = వడ్లు.ఐడీ)

నాట్ ఉన్న డిలీట్ నడిపే ముందు అదే వేర్‌తో సెలెక్ట్ కౌంట్(*) వేసి చూసుకోండి.