డాక్టరు దగ్గర ‘గ్యాస్’ అనకండి

పాలకొల్లులో మాది చిన్న టిఫిన్ హోటలు. పందొమ్మిదేళ్లుగా పొయ్యి దగ్గర నిలబడేది నేనే. తెల్లవారుజామున మూడున్నరకు లేస్తే నా నోట్లో మొదటి ముద్ద పడేసరికి పదిన్నర అయ్యేది. ఈలోపు నాలుగు టీలు. రోజూ ముగ్గురైనా వచ్చి, “పిన్నిగారూ, గ్యాస్ పట్టేసిందండి, పచ్చడి లేకుండా రెండిడ్లీ పెట్టండి” అంటారు. నేను కూడా నాకున్నది గ్యాసే అనుకుని రెండేళ్లు నెట్టుకొచ్చాను. చివరికి తేలింది వేరు. అది తేలడానికి ఏమేం చేయాల్సి వచ్చిందో, ఎక్కడెక్కడ తప్పటడుగు వేశానో రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. బిళ్ళలు మింగి, గొట్టం మింగి నేర్చుకున్న మనిషిని.

మన వైపు గ్యాస్ కానిది లేదు. రొమ్ములో మంట గ్యాసే, పొట్ట ఉబ్బరం గ్యాసే, వీపులో పోటు గ్యాసే. మోకాలు పట్టేస్తే “గ్యాస్ అక్కడికి దిగిందండి” అన్నవాళ్లను కూడా చూశాను. గ్యాస్ట్రైటిస్ అన్న మాటలో గ్యాస్ వినిపిస్తుంది గానీ దానికీ గాలికీ సంబంధం లేదు. గ్రీకు భాషలో కడుపును ‘గాస్టర్’ అంటారట, అందులోంచి వచ్చిన పేరు అది. కడుపు లోపలి పొర వాయడమే గ్యాస్ట్రైటిస్.

నాకు అర్థమైన విధంగా చెప్తాను. అట్ల పెనం మీద నూనె పొర ఉన్నంతసేపూ అట్టు చక్కగా లేస్తుంది. ఆ పొర పోయిందా, పిండి పెనానికే అంటుకుని మాడుతుంది. కడుపులో తిండిని అరిగించే ఆమ్లం చాలా ఘాటుది. అది గోడను తినేయకుండా జిగురు పొర ఒకటి కాపలా ఉంటుంది. ఆ కాపలా చెడితేనే మంట. చెడగొట్టేవాటిలో ముఖ్యమైనవి రెండు. ఒకటి హెచ్. పైలోరీ అనే బాక్టీరియా. రెండోది నొప్పుల బిళ్ళలు: డైక్లోఫెనాక్, ఏసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ లాంటివి. భోంచేసి వేసుకుంటే ఏం కాదనుకునేదాన్ని. అది తప్పు. ఆ మందు రక్తంలోకి వెళ్లి జిగురు పొర తయారవకుండా చేస్తుంది కాబట్టి ఇంజెక్షన్‌గా తీసుకున్నా కడుపుకి దెబ్బే. మద్యం తాగేవాళ్లకు అదీ కారణమే. కొద్దిమందిలో సొంత రోగనిరోధక శక్తే కడుపు గోడ మీద పడుతుంది, వాళ్లకు బీ12 తగ్గుతుంది.

ఆవకాయ, గోంగూర? కారం కొందరికి మంట పెంచుతుందే గానీ జబ్బును పుట్టించేది అది కాదని డాక్టరుగారు చెప్పారు. రెండేళ్లు చప్పిడి తిన్నాను, ఆ మాటకి నాకు ఏడుపొక్కటే తక్కువ.

ఇక చేయాల్సిన పనులు. మొదటిది పుస్తకం పెట్టడం. నా అరువు ఖాతా పుస్తకం వెనక పేజీల్లో రెండు వారాలు రాశాను. ఎన్ని గంటలకు, ఏం తిన్నాక, ఎక్కడ, ఎంతసేపు. మంటా, పోటా, ఉబ్బరమా, వికారమా? తింటే తగ్గిందా, పెరిగిందా? ఆ రోజు వేసుకున్న ప్రతి బిళ్ళ. విరేచనం రంగు కూడా, సిగ్గుపడకుండా. నాది రొమ్ము ఎముక కింద, బొడ్డుకి పైన, ఉదయం పది దాటాక మొదలయ్యే కొరుకుడు. పుస్తకం చూస్తే ఇంకోటి బయటపడింది. కార్తీక మాసంలో వనభోజనాల ఆర్డర్లు వచ్చి ఎక్కువసేపు నిలబడిన రోజుల్లో మోకాళ్ల బిళ్ళ ఒకటికి రెండు వేసుకున్నాను. ఆ మర్నాడల్లా కడుపు తిరగబడింది. ఆ రోజుల్లో తిన్నది పెరుగన్నమే.

రెండోది మందుల సంచి. ఇంట్లో ఉన్న బిళ్ళల అట్టలన్నీ ఒక కవర్లో వేసుకుని వెళ్లండి. ఇక్కడే నేను పెద్ద పొరపాటు చేశాను. డాక్టరుగారు “ఏమైనా మందులు వాడుతున్నారా అమ్మా?” అంటే “ఏమీ లేవండి” అన్నాను. మోకాళ్ల బిళ్ళా, పొద్దున్నే వేసుకునే గ్యాస్ బిళ్ళా నా లెక్కలో మందులు కావు. ఏడాది పైగా మందుల షాపు కుర్రాడు చీటీ అడక్కుండా రెండూ కలిపి చేతిలో పెట్టేవాడు. ఒకటి కడుపు చెడగొడుతుంటే రెండోది ఆ సంగతి బయటపడకుండా కప్పేసింది. షుగరుకి వాడే మెట్‌ఫార్మిన్, ఐరన్ బిళ్ళలు కూడా కొందరికి కడుపులో తిప్పుతాయి. అందుకే అన్నీ చూపించాలి, కషాయాలూ చూర్ణాలతో సహా.

ఆగకుండా వెళ్లాల్సిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. తారులా నల్లగా జిగటగా విరేచనం అవడం, వాంతిలో రక్తం గానీ కాఫీపొడి లాంటిది గానీ పడటం, ఇవి ఆ గంటలోనే ఆసుపత్రికి వెళ్లాల్సినవి. ప్రయత్నించకుండా బరువు తగ్గడం, ముద్ద గొంతులో అడ్డుపడటం, పదేపదే వాంతులు, రక్తం తగ్గడం, ఇంట్లో ఎవరికైనా కడుపు క్యాన్సర్ వచ్చి ఉండటం, ఇవుంటే గ్యాస్ బిళ్ళతో కాలక్షేపం చేయకుండా ఎండోస్కోపీ (నోట్లోంచి గొట్టం వేసి కడుపు లోపల చూసే పరీక్ష) సంగతి అడగండి. వయసు మీద పడ్డాక కొత్తగా మొదలైన కడుపు నొప్పికీ అంతే.

అన్నిటికన్నా నాకు భయం వేసేది మాత్రం గుండె. మా వీధిలో ఒకాయనకు సంక్రాంతి రాత్రి రొమ్ము కింద బరువుగా ఉందని సోడా తాగించారు, తర్వాత ఈనో కలిపిచ్చారు, వీపు నిమిరారు. చొక్కా చెమటతో తడిసిపోతున్నా “మాంసం అరగలేదు” అన్నారే తప్ప ఎవరికీ అనుమానం రాలేదు. తెల్లవారాక భీమవరం తీసుకెళ్తే గుండెపోటు. బతికారు, కానీ ఇప్పుడు మా మేడ మెట్లెక్కలేరు. గుండె కింది భాగానికి దెబ్బ తగిలితే నొప్పి పై కడుపులోనే తెలియవచ్చు. బరువు, చెమటలు, ఆయాసం, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, నడిస్తే పెరిగి ఆగితే తగ్గడం, ఇందులో ఏదున్నా 108కి ఫోన్ చేసి ముందు ఈసీజీ తీయించండి. షుగరున్నవాళ్లకు నొప్పి సరిగా తెలియకపోవచ్చు కూడా. మొదటి ఈసీజీ బాగున్నా అనుమానం ఉంటే మళ్లీ తీస్తారు, ట్రోపోనిన్ అనే రక్తపరీక్ష చేస్తారు. “ఒకటి తీశారుగా” అని లేచి వచ్చేయకండి.

నా విషయంలో దారి చూపించింది కడుపు కాదు, రక్తం. ఆయాసం వస్తోందని చూపించుకుంటే హిమోగ్లోబిన్ 8.4 ఉంది. ఆడవాళ్లకు 12కు తగ్గకూడదు. మొదట చూసిన చోట ఐరన్ బిళ్ళలు రాసి పంపేశారు. ఎందుకు తగ్గిందని వాళ్లు చెప్పలేదు, నేను అడగలేదు. మూడు నెలల తర్వాత వేరే డాక్టరమ్మ దగ్గరికి వెళ్తే ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, “నెలసరి ఆగి ఎన్నేళ్లయిందమ్మా?”

“నాలుగేళ్లండి.”

“మరి రక్తం ఎటు పోతోంది?”

ఆ వారంలోనే గ్యాస్ట్రో డాక్టరు దగ్గరికి పంపారు. ఈ ప్రశ్న మీరే అడగొచ్చు. నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లకు గానీ, మగవాళ్లకు గానీ ఐరన్ తగ్గితే కడుపులోనో పేగుల్లోనో కారుతోందేమో చూడాలి. నాకు పెద్దపేగు పరీక్ష కూడా చేశారు, అందులో ఏమీ లేదు.

చాలామంది “స్కానింగ్ తీయించాం, అంతా నార్మల్” అంటారు. పొట్ట మీద తీసే అల్ట్రాసౌండ్‌లో కాలేయం, పిత్తాశయం తెలుస్తాయి గానీ కడుపు లోపలి పొర కనపడదు. అలాగని అది దండగ కాదు. మా తోడికోడలికి పెళ్లి భోజనం చేసినప్పుడల్లా కుడి పక్కటెముకల కింద పట్టేసి భుజం వెనక్కి లాగేది. ఏడాది గ్యాస్ బిళ్ళలు వాడాక స్కానింగ్ తీస్తే పిత్తాశయంలో రాళ్లు. ఆవిడకు స్కానింగ్ కావాలి, నాకు ఎండోస్కోపీ కావాలి. ఏది ఎవరికన్నది తేల్చేది ఆ పుస్తకంలో రాసుకున్న కథే.

ఎండోస్కోపీ అంటే నాకు వణుకు. ముందు రాత్రి తొమ్మిదికి తినేసి ఉదయం ఎనిమిదికి పరగడుపున వెళ్లాను. ఆరు నుంచి ఎనిమిది గంటలు కడుపు ఖాళీగా ఉండాలి. షుగరు మందులు, రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లు ఆ రోజు ఏం చేయాలో ముందే అడగాలి. గొంతులో చేదు స్ప్రే కొడతారు, మొద్దుబారిపోతుంది. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి పళ్ల మధ్య ప్లాస్టిక్ రింగు పెడతారు. గొట్టం లోపలికి వెళ్తుంటే డోకు వస్తుంది, కళ్ల నీళ్లు కారతాయి, ఊపిరి మాత్రం ఆగదు. ముక్కుతో నిదానంగా పీల్చమని నర్సమ్మ చెవి దగ్గర చెప్తూనే ఉంది. ఏడెనిమిది నిమిషాల్లో అయిపోయింది. మత్తు ఇంజెక్షన్ కూడా అడగొచ్చు, కాకపోతే తోడు ఒకరుండాలి, ఆ రోజు బండి నడపకూడదు. మొద్దు వదిలేదాకా మంచినీళ్లు కూడా తాగకూడదు.

వెళ్లే ముందే అడగాల్సిన మాట: “ముక్క తీస్తారాండి?” రిపోర్టులో ‘యాంట్రల్ గ్యాస్ట్రైటిస్’ అని తరచూ రాస్తారు. కడుపు కింది భాగం కంటికి ఎర్రగా కనిపించిందని దానర్థం. నిజంగా వాపుందా, బాక్టీరియా ఉందా అన్నది కడుపు పొరలోంచి చిన్న ముక్క తీసి (బయాప్సీ) సూక్ష్మదర్శినిలో చూస్తే తేలుతుంది. ముక్క తీస్తుంటే నొప్పి తెలియదు. దానికి బిల్లు వేరు, రిపోర్టు కొన్ని రోజుల తర్వాత వస్తుంది, వెళ్లి తెచ్చుకోవాలి. ఎండోస్కోపీ కాగితం తీసుకుని రెండోది మర్చిపోయేవాళ్లే ఎక్కువ.

నాకు కడుపు కింది భాగంలో గీరుకుపోయినట్టు పుళ్లున్నాయి. హెచ్. పైలోరీ లేదని వచ్చింది. మోకాళ్ల బిళ్ళలు ఆపించి, పాంటోప్రజోల్ (ఆమ్లం తగ్గించే గ్యాస్ బిళ్ళ) రోజూ టిఫిన్‌కి అరగంట ముందు వేసుకోమన్నారు. అప్పుడు మా అమ్మాయి నోరు విప్పింది: “సార్, అమ్మ ఆ బిళ్ళ ఏడాదిగా వేసుకుంటూనే ఉంది.” ఆయన పెన్ను కింద పెట్టేశారు. ఆ బిళ్ళ వాడుతుంటే బాక్టీరియా తగ్గి దాక్కుంటుంది, ఉన్నా లేనట్టే కనిపిస్తుంది. సరైన జవాబు రావాలంటే పరీక్షకు 2 వారాల ముందు ఆ రకం బిళ్ళలు, 4 వారాల ముందు యాంటీబయాటిక్స్ ఆపాలి. ఇది మీ అంతట మీరు చేయకండి. పుళ్లున్నవాళ్లు, గుండెకు ఆస్పిరిన్ వాడేవాళ్లు డాక్టరు చెప్పాకే ఆపాలి. నాకు 8 వారాలు వైద్యం చేసి, తర్వాత 2 వారాలు ఆపించి, మల పరీక్ష చేశారు. ఆ 2 వారాలూ మంట వస్తే పాల లాంటి సిరప్ తాగాను. ఈసారి బాక్టీరియా ఉందని వచ్చింది. ఊపిరి ఊది చేసే పరీక్ష కూడా ఉంది, అదీ నమ్మదగిందే. రక్తంలో యాంటీబాడీలు చూసే పరీక్షతో మాత్రం పని తక్కువ, ఎప్పుడో ఉండి పోయినదానికి కూడా ఉందనే చూపిస్తుంది.

ఈ బాక్టీరియా కథ మా అమ్మాయే చెప్పింది. ఆస్ట్రేలియాలో బ్యారీ మార్షల్ అనే డాక్టరు చెప్తే ఎవరూ నమ్మక, 1984లో ఆ బాక్టీరియాని తనే తాగేసి కడుపు పాడుచేసుకుని చూపించాడట. 2005లో ఆయనకూ, రాబిన్ వారెన్‌కూ నోబెల్ ఇచ్చారు. నేను రెండేళ్లు ఊరికే తాగాను, నాకెవరూ ఏమీ ఇవ్వలేదు.

వైద్యం 14 రోజులు, నాలుగు రకాల మందులు. నోరంతా ఇనుము నాకినట్టుంటుంది. విరేచనం నల్లగా అయితే హడలిపోయి ఫోన్ చేశాను. మందుల్లో ఉన్న బిస్మత్ వల్లనట, ఐరన్ బిళ్ళకీ అలాగే అవుతుంది. ఐదో రోజుకి బాగుందని మానేస్తే మిగిలిన బాక్టీరియా మొండికేస్తుంది, రెండోసారి ఆ మందులు పనిచేయకపోవచ్చు. అయిపోయిన 4 వారాల తర్వాత మళ్లీ పరీక్ష చేయించాలి. కడుపు హాయిగా ఉందని చాలామంది ఇది మానేస్తారు. నేను చేయించాను, పోయింది. మోకాళ్లకు ఇప్పుడు పారాసెటమాల్, పైపూత, ఎత్తు పీట. ఐరన్ కొనసాగించాక హిమోగ్లోబిన్ 11.9కి వచ్చింది. ఉబ్బరం అప్పుడప్పుడూ ఉంది. అన్ని పరీక్షలూ బాగున్నా కడుపు ఇబ్బంది పెట్టే రకం కూడా ఒకటుందట, దాని మందులు వేరు, అది కల్పించుకున్న జబ్బు కాదు.

ఇప్పుడు ఆరున్నరకల్లా మొదటి వాయి దిబ్బరొట్టెలో ఒక ముక్క నాదే, చెరకు పానకంతో. మా ఆయన మాత్రం ఇన్నాళ్లూ గల్లాపెట్టె అడుగున గ్యాస్ బిళ్ళల డబ్బా దాచుకుని తింటున్నారని మొన్ననే తెలిసింది. డాక్టరుగారికి ఫోన్ చేసి చెప్తే, ఆపించి గురువారం నాటికి మల పరీక్షకు తీసుకురమ్మన్నారు. ఆపి ఈ రోజుకి పదకొండు రోజులు. డబ్బా నా దగ్గరే ఉంది.