సొంత ప్రాజెక్టు, నాలుగో పాఠం: ఒక్క పైసా ఎక్కడికి పోయింది

మూడో పాఠంలో తప్పు నాది. కిరాణా కొట్టు అప్పు ఖాతాకి టేబుల్ కట్టమన్నాను కానీ సొమ్ము గడి ఏ రకంగా ఉండాలో చెప్పలేదు. తెలిసే ఉంటుందనుకున్నాను. చాలామంది ఫ్లోట్ (చుక్క ఉన్న అంకెలు దాచే రకం) పెట్టేశారు. కంచరపాలెం అబ్బాయి ఒకతను వాళ్ల వీధి కొట్టులో చూపిస్తే, కొట్టాయన "ఏటి బాబూ, నా పుస్తకంలో ముప్పై అయిదు పైసలుంటే నీ దాన్లో ముప్పై నాలుగేటి?" అన్నారట. ఆ వారమే రెండు కంపెనీలు అతన్ని కాదన్నాయి. ఇది కూడా నాకు రాదు సార్ అని ల్యాప్‌టాప్ మూసేశాడు. అందుకని ఈసారి చెప్పాల్సిన బిల్లు ప్రింటు సంగతి పక్కనపెట్టి, ఆ ఒక్క పైసా ఎక్కడికి పోయిందో చూద్దాం.

కిలో 29 రూపాయల ఉల్లిపాయలు 150 గ్రాములు తీసుకుంటే 4.35 అవుతుంది. ఆ కొట్టాయన పైసలతో సహా రాసుకుని, నెలాఖరున ఒకేసారి రూపాయికి సరిచేస్తారు. మనవాడు పైసలు చేద్దామని 4.35ని 100తో గుణించి ఇంట్‌లో (పూర్ణాంకంగా మార్చే పైథాన్ ఆజ్ఞ) వేశాడు. పైథాన్‌లో ఆ గుణకారానికి వచ్చే జవాబు 434.99999999999994. ఇంట్ చుక్క తర్వాతదంతా కోసేస్తుంది. మిగిలేది 434.

ఎందుకిలా? మీ తాతగారి అణాల లెక్క గుర్తు చేసుకోండి. రూపాయిలో సగం అర్ధ, అందులో సగం పావలా, అందులో సగం బేడ, అందులో సగం అణా. ఫ్లోట్‌కి వచ్చింది సరిగ్గా ఈ సగాల లెక్కే. 0.5, 0.25, 0.125 ఏ తేడా లేకుండా దాచుకుంటుంది. 1957 ఏప్రిల్ 1న మన దేశంలో రూపాయికి నూరు నయా పైసలయ్యాయి, లెక్క సగాల నుంచి పదుల్లోకి మారింది. పదో వంతుని ఎన్ని సగాలు కలిపినా కచ్చితంగా చెప్పలేం, మూడో వంతుని 0.333 అని ఎంత దూరం రాసినా పూర్తికానట్టే. అందుకే 0.1ని పదిసార్లు కూడితే 0.9999999999999999 వస్తుంది. 0.1, 0.2 కలిపితే 0.30000000000000004. 1.1ని మూడుతో గుణిస్తే 3.3000000000000003. యంత్రం పాడవలేదు, మీకు చదువు రాకా కాదు.

రౌండ్ చేస్తే పోతుందిగా అంటారు. ఆ మాట వింటే నాకు చిరాకు. పైథాన్‌లో 2.675ని రెండు స్థానాలకి రౌండ్ చేయండి, 2.67 వస్తుంది. జబ్బు అలాగే ఉంచి పైన కట్టు కట్టడమే అది.

మందు ఇది: సొమ్ముని పైసల్లో, పూర్ణాంకంగా దాచండి. తూకం గ్రాముల్లో. 150 గ్రాములని 2900 పైసలతో గుణించి 1000తో భాగిస్తే 435. కొట్టాయన టైపు చేసిన ధరని అక్షరాలుగానే డెసిమల్‌కి (పదుల లెక్కని కచ్చితంగా ఉంచే పైథాన్ రకం) ఇచ్చి, అక్కణ్ణుంచి పైసలు చేయండి; ముందు ఫ్లోట్ చేసి ఇస్తే ఆ చెత్తంతా లోపలికి వచ్చేస్తుంది. ఎస్‌క్యూలైట్‌లో (మన టేబుల్ ఉండే డేటాబేస్) గడిని ఇంటిజర్ అన్నంత మాత్రాన చాలదు, 4.35 వేస్తే నోరెత్తకుండా పుచ్చుకుంటుంది. టేబుల్ చివర స్ట్రిక్ట్ అని రాయండి, అప్పుడు ఒప్పుకోదు. 2021లో వచ్చిన 3.37 వెర్షన్ నుంచి ఉంది.

బాకీకి వేరే గడి వద్దు. పద్దులు కూడితే బాకీ వస్తుంది. నేనైతే వెబ్ పేజీ జోలికి కూడా ఇప్పుడే పోను, ఒక్క పైథాన్ ఫైలు చాలు.

రుషికొండ మీద ఒక ఆఫీసులో ఇంటర్వ్యూ మూడో రౌండులో నన్ను అడిగారు, నువ్వు కట్టినదాంట్లో ఏది విరిగింది, ఎలా బాగుచేశావని. చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. కొండ దిగి మధురవాడ దాకా నడిచాను. కంచరపాలెం అబ్బాయి దగ్గర ఇవాళ ఆ జవాబుంది. బాబూ, ల్యాప్‌టాప్ తెరువు.

అభ్యాసం: మీ వీధి కొట్టు వాళ్లనడిగి, సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది దాకా అక్కడే ఉండండి. పేర్లు వదిలేసి ముప్పై పద్దులు ఎక్కించండి. అందులో ఒకటి కావాలనే తప్పు వేయండి. దాన్ని చెరపకుండా, ఎదురు పద్దు వేసి సరిచేయండి. మీ మొత్తం, వాళ్ల పుస్తకంలో మొత్తం పైసాతో సహా కలవాలి. కలిసేదాకా అయిదో పాఠం తెరవకండి.