మహమ్మారి వేళ ప్రభుత్వ ఉత్తర్వును చదివే పద్ధతి: బెంగళూరు తెలుగువారికి

మహమ్మారి సమయంలో వాట్సాప్‌లో తిరిగే ప్రభుత్వ ఉత్తర్వును మనలో చాలామంది ఏవి మూస్తారు, ఎప్పుడు తెరుస్తారు అన్నంతవరకే చూసి వదిలేస్తారు. దాన్ని చదవవలసింది ఇంకో ప్రశ్నతో: ఇల్లు కదలవద్దన్న ప్రభుత్వం, కదిలితేనే కూడు దొరికేవారికి ఏ ఏర్పాటు చేసింది?

ముందుగా మొదటి పేరాలో ఏ చట్టాన్ని ఉదహరించారో చూడండి. బొంబాయి ప్లేగు రోజుల్లో పుట్టిన 1897 నాటి అంటువ్యాధుల చట్టం నాలుగు సెక్షన్లతో మొదలైన చిన్న చట్టం. అందులో ప్రభుత్వానికి అధికారాలున్నాయి గాని బాధ్యతల ఊసు దాదాపు లేదు. 2020 మార్చి 25 నుంచి దేశమంతటా లాక్‌డౌన్ విధించడానికి వాడిన 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం అలా కాదు. బాధితులకు అందవలసిన కనీస సాయం, అంటే తిండి, నీడ, తాగునీరు, వైద్యం, ప్రాణనష్టానికి పరిహారం ఏ మేరకు ఉండాలో నిర్దేశించాలని దాని 12వ సెక్షన్ చెబుతుంది. ఉత్తర్వులో ఈ చట్టం పేరు కనిపిస్తే, ఆ సెక్షన్ కింద ఏమిచ్చారని నిలదీయవచ్చు. ఎవరిని అడగాలన్నదీ తెలిసి ఉండాలి. ప్రజారోగ్యం రాజ్యాంగం ప్రకారం రాష్ట్ర జాబితాలోది. రాష్ట్రాల మధ్య వ్యాధి పాకకుండా ఆపడం ఉమ్మడి జాబితాలోది. కాబట్టి ఆస్పత్రి పడకల లెక్క విధానసౌధనే, అంటే రాష్ట్ర ప్రభుత్వాన్నే అడగాలి.

ఇక తిండి సంగతి. 2020 ఏప్రిల్‌లో మా వీధి చివర కడుతున్న భవనం దగ్గర, రేకుల షెడ్డులో చిక్కుకుపోయిన కళ్యాణదుర్గం మేస్త్రి ఒకరు పాలిథిన్ కవరులో మడిచి దాచుకున్న రేషన్ కార్డు తీసి చూపించారు. ఆహార భద్రత చట్టం కింద ఇచ్చిన కార్డులు ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక సహా 12 రాష్ట్రాల్లో ఎక్కడైనా చెల్లే ఏర్పాటు ఆ ఏడాది జనవరి 1నే మొదలైంది. చౌకధరల దుకాణదారు మాత్రం "ఇది ఇక్కడిది కాదు" అని తిప్పి పంపేశాడు. అలా జరిగితే వాదనకు దిగకుండా దుకాణం సంఖ్య, తేదీ, సమయం రాసుకుని, కార్డు ఫోటో జతచేసి తహసీల్దారుకు అర్జీ పెట్టి, అందినట్టు ముద్ర వేయించుకోండి.

ప్రాణవాయువు లాంటిది ఎంత ఉన్న ఇల్లయినా సొంతంగా సమకూర్చుకోలేదు; ప్రభుత్వం అనేది ఉన్నదే ఇలాంటి పనికి. 2021 మే 5న కర్ణాటక హైకోర్టు రాష్ట్రానికి రోజుకు 1200 టన్నుల ఆక్సిజన్ ఇవ్వాలని కేంద్రాన్ని ఆదేశించగా, సుప్రీంకోర్టు ఆ ఆదేశంలో జోక్యం చేసుకోలేదు. పాలకమండలి గడువు 2020 సెప్టెంబరులోనే ముగియడంతో, ఆ కోవిడ్ రెండో ఉద్ధృతిలో అప్పటి బెంగళూరు నగరపాలక సంస్థ బీబీఎంపీ 198 వార్డుల్లో ఒక్క కార్పొరేటరూ లేడు. అందుకే వార్డు అధికారి ఎవరో ముందే కనుక్కుని పెట్టుకోవాలి. ఆయన పలకకపోతే పది రూపాయలతో సమాచార హక్కు దరఖాస్తు వేయండి. మామూలు గడువు 30 రోజులే గాని, ప్రాణానికి సంబంధించిన సమాచారం 48 గంటల్లో ఇవ్వాలి; ఆ మాట దరఖాస్తు మొదటి వాక్యంలోనే రాయండి. కర్ణాటకలో దరఖాస్తు ఒకే విషయం మీద, 150 పదాలకు మించకుండా ఉండాలి.

హద్దు దాటేది ప్రభుత్వమొక్కటే కాదు. ఉత్తర్వులో లేని నిషేధాన్ని మా అపార్టుమెంటు సంఘం లిఫ్టు పక్కన అంటించి పనిమనుషులను గేటు దగ్గరే ఆపేసింది. ఏ ఉత్తర్వు ప్రకారమో రాసివ్వమంటే కార్యదర్శి దగ్గర సమాధానం లేదు. టీకా విషయంలోనైతే ఎవరినీ బలవంతపెట్టరాదని, ఆంక్షలు అవసరానికి తగినట్టుండాలని 2022 మే 2న సుప్రీంకోర్టు తేల్చింది.

ఇంట్లో ఎవరైనా పోతే ఆ దుఃఖంలో కాగితాలు పారేయకండి. కోవిడ్ మృతుల కుటుంబాలకు 50,000 రూపాయల పరిహారం నిర్ణయమయ్యాక, మరణ ధ్రువపత్రంలో ఆ జబ్బు పేరు లేదన్న ఒక్క కారణంతో దాన్ని నిరాకరించరాదని 2021 అక్టోబరు 4న సుప్రీంకోర్టు చెప్పింది. అప్పుడు అక్కరకొచ్చింది పరీక్ష నివేదిక, ఆస్పత్రి చీటీలే.