వెండర్ ప్యాకేజీ సర్వర్‌లో ఎక్కట్లేదా? ఫోర్స్ కొట్టే ముందు ఇది చదవండి

మాదాపూర్ ఆఫీసులో లైనక్స్ సర్వర్లు చూస్తుంటా. అమీర్‌పేటలో కోర్సు చేసి కొత్తగా చేరిన పిల్లలు ఎక్కువగా ఇరుక్కునేది ఇక్కడే, వెండర్ (సాఫ్ట్‌వేర్ అమ్మిన కంపెనీ) బ్యాకప్ ఏజెంటో మానిటరింగ్ ఏజెంటో, అంటే సర్వర్‌లో వెనకాల నడిచే ప్రోగ్రామ్, ఇస్తాడు, ఇన్‌స్టాల్ కొడితే ఎర్రర్ వస్తది, వెంటనే చెకింగ్‌లు దాటేసి ఎక్కించే ఫోర్స్ ఆప్షన్ ఒకటి నెట్‌లో వెతికి పెట్టేస్తారు. ప్లీజ్, అది మాత్రం చేయకండి. ఆ ఎర్రర్ మన సర్వర్‌ని కాపాడటానికే వస్తుంది.

ఆప్ట్ అప్‌డేట్ కొడితే "నో పబ్‌కీ" అంటోంది

ఆప్ట్ అంటే ఉబుంటులో ప్యాకేజీలు ఎక్కించే టూల్, రిపో అంటే అది ప్యాకేజీలు దించుకునే చోటు. ఆ రిపో మీద ఉన్న డిజిటల్ సంతకం ఎవరిదో మీ సర్వర్‌కి తెలీదు, అంతే. చెకింగ్ ఆపేస్తే పని అయిపోతుంది కానీ మధ్యలో ఎవడు ప్యాకేజీ మార్చినా అది రూట్ (పూర్తి అడ్మిన్) పవర్‌తో ఎక్కేస్తుంది. వెండర్ సైట్ నుంచి ఆ సంతకాన్ని సరిచూసే కీ దించుకుని, దాని ఫింగర్‌ప్రింట్ (కీని గుర్తుపట్టే చిన్న కోడ్) వాళ్ళ సపోర్ట్‌కి ఫోన్ చేసి సరిచూసుకుని, కీరింగ్స్ ఫోల్డర్‌లో పెట్టి, రిపో లైన్‌లో "సైన్డ్ బై" అని ఆ ఫైల్‌నే చూపించండి. పాత ఆప్ట్-కీ పద్ధతి వద్దు, ఎందుకంటే అట్లా ఎక్కించిన కీని సర్వర్ అన్ని రిపోలకీ నమ్మేస్తుంది. ఉబుంటు 22.04లో దానికి వార్నింగ్ కూడా వస్తుంది.

ఇంకోటి, చాలామందికి తెలీదు: డెబ్ ఫైల్ (ఉబుంటు ప్యాకేజీ ఫైల్) నేరుగా దించుకుని, ఆప్ట్ కాకుండా డీపీకేజీ కమాండ్‌తో ఎక్కిస్తే మామూలుగా సంతకం చెకింగే జరగదు. ఫైల్ మారలేదని చూపే షా-256 చెక్‌సమ్‌ని వెండర్ ఇచ్చినదాంతో మీరే పోల్చుకోవాలి.

రెడ్ హ్యాట్ 9లో కీ ఉన్నా సంతకం ఫెయిల్ అవుతుంటే షా-1 అనే పాత, బలహీనమైన పద్ధతిలో చేసిన సంతకమేమో చూడండి, 2022లో వచ్చిన ఆ వెర్షన్ డిఫాల్ట్‌గా దాన్ని ఒప్పుకోదు. కొత్త సంతకంతో ప్యాకేజీ ఇమ్మని వెండర్‌నే అడగండి, సర్వర్ మొత్తానికి పాలసీ సడలించకండి.

"జీలిబ్‌సీ 2.34 నాట్ ఫౌండ్"

జీలిబ్‌సీ అంటే లైనక్స్‌లో దాదాపు అన్ని ప్రోగ్రాములూ వాడుకునే లైబ్రరీ. వెండర్ వాళ్ళు కొత్త ఓఎస్ మీద బిల్డ్ చేశారు, మీది పాతది. ఉబుంటు 20.04లో ఉండేది 2.31, సెంట్ఓఎస్ 7లో అయితే 2.17. జీలిబ్‌సీని చేత్తో మార్చారో, ఎల్ఎస్ కమాండ్ కూడా పనిచేయని పరిస్థితి వస్తుంది. మీ ఓఎస్‌కి సరిపడే బిల్డ్ అడగండి, లేదంటే కంటైనర్‌లో, అంటే దాని లైబ్రరీలతో సహా విడిగా, నడపండి. సెంట్ఓఎస్ 7కి 2024 జూన్ 30తోనే సపోర్ట్ అయిపోయింది, కాబట్టి అక్కడ అసలు మందు ఓఎస్ మార్చడమే.

ఏజెంట్ బానే ఎక్కింది, వేరే సర్వీస్ పడిపోయింది

ఇది మాకే జరిగింది. బోనాల ఆదివారం, అందరూ ఇంటి దగ్గరున్న టైంలో, ఒక వెండర్ రిపోలోంచి వాళ్ళ సొంత ఓపెన్ఎస్ఎస్ఎల్ (ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ) వచ్చి మన ఓఎస్‌ది తీసేసి కూర్చుంది, పేమెంట్ సర్వీస్ ఆగిపోయింది, కారణం పట్టుకునేసరికి సాయంత్రమైంది. కారణం చిన్నదే: అన్ని రిపోలకీ మామూలు ప్రయారిటీ 500 కాబట్టి ఎవరి దగ్గర కొత్త వెర్షన్ ఉంటే వాళ్ళదే ఎక్కుతుంది. ఆప్ట్‌లో ఏ రిపోకి ఎంత ప్రయారిటీ అని రాసే పిన్నింగ్ ఫైల్‌లో వెండర్ రిపోకి 100 పెట్టండి, అప్పుడు ఓఎస్‌లో ఉన్న ప్యాకేజీలు ఓఎస్ నుంచే వస్తాయి, వెండర్ దగ్గర మాత్రమే దొరికే ఏజెంట్ ఎప్పట్లాగే అప్‌డేట్ అవుతుంది. ఏది ఎక్కడినుంచి వస్తోందో ఆప్ట్-క్యాష్ పాలసీ కమాండ్ చెప్తుంది.

డాట్ రన్ ఇన్‌స్టాలర్ "పర్మిషన్ డినైడ్"

ఫైల్‌కి ఎగ్జిక్యూట్ పర్మిషన్ ఇచ్చి, రూట్‌గా ఉన్నా వస్తే, టెంప్ ఫోల్డర్ నో-ఎగ్జెక్‌తో (అక్కడి నుంచి ఏ ప్రోగ్రామూ నడవకుండా) మౌంట్ అయి ఉండొచ్చు. టెంప్‌డిర్ వేరియబుల్‌ని వేరే ఫోల్డర్‌కి మార్చి నడపండి, మౌంట్ జోలికి పోవద్దు.

ఏది ఎక్కించినా ముందు సర్వర్ స్నాప్‌షాట్ (తేడా వస్తే వెనక్కి వెళ్ళడానికి కాపీ) తీస్కోండి. ప్యాకేజీ లోపలి ఇన్‌స్టాల్ స్క్రిప్టులు రూట్‌గానే నడుస్తాయి గదా, వాటిని విప్పి ఒకసారి చదవండి. తర్వాత ఆప్ట్-గెట్‌కి సిమ్యులేట్ ఆప్షన్ (నిజంగా ఎక్కించకుండా ఏం జరుగుతుందో చూపించేది) పెట్టి చూడండి, "తీసేయబోతున్నాం" అనే లిస్టులో ఒక్క పేరున్నా అక్కడే ఆగి నన్నో మీ సీనియర్‌నో అడగండి.