ఇంటిల్లిపాదికీ ఒక విమానం – 3వ పాఠం: నాలుగు సీట్లలో నలుగురు పడతారా?

కిందటి పాఠంలో మీరు వెళ్లాలనుకునే ఊర్ల జాబితా రాయమన్నాను. జయపురం, కోరాపుట్ వైపు తెలుగువాళ్ల జాబితాలో మొదటి పేరు విశాఖపట్నమే అయి ఉంటుంది. ఆస్పత్రి పనైనా, పెళ్లి బట్టలైనా మనకు అదే దిక్కు. కోరాపుట్, సుంకి మీదుగా సాలూరు ఘాట్ దిగి వెళ్లేసరికి దాదాపు పగలంతా అయిపోతుంది. అదే గాల్లో తిన్నగా పోతే సుమారు 80 నాటికల్ మైళ్లు, అంటే 150 కిలోమీటర్లు. భువనేశ్వర్ 200 నాటికల్ మైళ్లు, హైదరాబాద్ 250. ఈ మూడు అంకెలూ నోట్‌బుక్‌లో పైన రాసి ఉంచండి.

విశాఖ ఎయిర్‌ఫీల్డ్ నౌకాదళానిది. అక్కడ దిగాలంటే ముందే అనుమతి కావాలి. ఏ ఊరికి వెళ్లినా ఫ్లైట్ ప్లాన్, ఏడీసీ నంబర్ (ఎయిర్ డిఫెన్స్ క్లియరెన్స్, అంటే గగనతల రక్షణవాళ్లిచ్చే అనుమతి) లేకుండా ఇంజన్ స్టార్ట్ చేయకూడదు. ఆ కాగితాల సంగతికి ఒక పాఠం వేరుగా పెట్టుకుందాం. ఇవాళ్టి పని తూకం.

విమానాల ప్రకటనల్లో 'ఫోర్ సీటర్' అని చూడగానే అమ్మా నాన్నా, నానమ్మా, పిల్లాడూ అని మనం లెక్క వేసేసుకుంటాం. విమానం మాత్రం సీట్లు లెక్కపెట్టదు, కిలోలు లెక్కపెడుతుంది. గరిష్ఠ టేకాఫ్ బరువులోంచి ఖాళీ విమానం బరువు తీసేస్తే మిగిలేదే యూజ్‌ఫుల్ లోడ్. మనుషులు, సామాను, పెట్రోలు అన్నీ అందులోనే సర్దాలి. ట్యాంకు నిండా పోస్తే మనుషులకు చోటు తగ్గుతుంది, మనుషుల్ని నింపితే ట్యాంకు ఖాళీగా ఉంచాలి. నాలుగు సీట్ల విమానాల్లో చాలావాటికి రెండూ ఒకేసారి కుదరవు.

ముందు ఇంట్లో అందరినీ తూచండి. బట్టలు, చెప్పులు, జేబులో ఫోనుతో సహా తూచాలి. ఆధార్ కార్డు ఫొటోలో ఎలా ఉన్నారన్నది ఇక్కడ పనికిరాదు. సిగ్గుపడేవాళ్లుంటే బియ్యం కొట్లో కాటా మీదికి తీసుకెళ్లండి, అక్కడ ఎవరూ పట్టించుకోరు. సామాను కూడా నిజంగా తూచాలి. మనవాళ్లు విశాఖ చుట్టాలింటికి ఉత్త చేతులతో వెళ్లరు కదా. ఐదు కిలోల కాలాజీరా బియ్యం, ఒక ఆవకాయ జాడీ, పైన పనసపండు. అంచనా వేసి రాసిన సామాను బరువు ఎప్పుడూ అసలు బరువు కంటే తక్కువే ఉంటుంది.

మన ఉదాహరణ కుటుంబం ఇది: నాన్న 82 కిలోలు, అమ్మ 68, నానమ్మ 60, పిల్లాడు 45, సామాను 25. మొత్తం 280 కిలోలు.

ఇప్పుడు సెస్నా 172ఎస్ తీసుకుందాం. 172 మోడల్ 1956లో అమ్మకానికి వచ్చింది. ఇప్పటికి 44,000కు పైగా తయారయ్యాయి, ప్రపంచంలో ఇంకే విమానమూ అన్ని తయారు కాలేదు. 'ఎస్' రకం గరిష్ఠ బరువు 2,550 పౌండ్లు, అంటే 1,157 కిలోలు. ఖాళీ బరువు ఒక్కో విమానానికి ఒక్కోలా ఉంటుంది, మనం 770 అనుకుందాం. మిగిలేది 387 కిలోలు. ట్యాంకుల్లో వాడుకోగలిగిన ఆవ్‌గ్యాస్, అంటే విమానాల పెట్రోలు, 200 లీటర్లు. లీటరు బరువు 0.72 కిలో కాబట్టి నిండు ట్యాంకులు 144 కిలోలు. ఇక మనుషులకు, సామానుకు 243 మిగిలింది. మన కుటుంబం 280. అంటే 37 కిలోలు ఎక్కువ.

నానమ్మను ఇంట్లో వదిలేయనక్కర్లేదు, పెట్రోలు తగ్గిస్తే చాలు. 387లోంచి 280 తీసేస్తే 107 కిలోలు, అంటే 148 లీటర్లు. ఈ ఇంజన్ క్రూజ్‌లో, అంటే పైకెక్కాక నిలకడగా ఎగిరేటప్పుడు, గంటకు సుమారు 35 లీటర్లు తాగుతుంది. ఒక గంట నిల్వ పక్కన పెట్టమంటాను నేను. రూల్ అంతకంటే తక్కువకు ఒప్పుకున్నా సరే, వెనక సీట్లో పిల్లలున్నప్పుడు గంట కంటే తగ్గకండి. ట్యాక్సీకి (విమానం నేల మీద నడవడానికి), పైకి ఎక్కడానికి కొంత పోగా మూడు గంటలు మిగులుతుంది. 115 నాట్ల వేగంతో, అంటే గంటకు 115 నాటికల్ మైళ్ల చొప్పున, మూడు వందలకు పైగా నాటికల్ మైళ్లు. హైదరాబాద్‌కు సరిపోయింది, విశాఖకైతే పోయి రావచ్చు కూడా.

బరువు సరిపోగానే పని అయిపోలేదు. ఆ బరువు ఎక్కడ కూర్చుందో కూడా చూడాలి. కావడిలో రెండు వైపులా బరువు సరిపడకపోతే భుజం మీద నిలవనట్టే, వెనక భాగం బరువెక్కితే విమానం ముక్కు పైకి లేస్తుంది, స్టాల్ అయినప్పుడు, అంటే రెక్కకు గాలి ఆసరా తప్పినప్పుడు, మళ్లీ దించడం కష్టమవుతుంది. లెక్క సులువే. విమానం ముందు వైపు కొలత మొదలయ్యే గుర్తు ఒకటి పుస్తకంలో ఉంటుంది, ప్రతి బరువును అక్కడి నుంచి అది ఉన్న దూరంతో గుణించి, అన్నీ కలిపి, మొత్తం బరువుతో భాగించాలి. 172ఎస్‌లో ముందు సీట్లు 37 అంగుళాల దగ్గర, పెట్రోలు 48, వెనక సీట్లు 73, సామాను అర 95. ఖాళీ విమానాన్ని 40 అనుకుందాం.

770ని 40తో గుణిస్తే 30,800. ముందు అమ్మానాన్నలు 150 కిలోలు, 5,550. వెనక నానమ్మ, పిల్లాడు 105 కిలోలు, 7,665. సామాను 2,375. పెట్రోలు 5,136. మొత్తం 51,526ను 1,157తో భాగిస్తే 44.5 అంగుళాలు. నిండు బరువు దగ్గర ఈ విమానానికి ఒప్పుకునే హద్దు 41 నుంచి 47.3. మనం మధ్యలో ఉన్నాం. పిల్లాడు ముందు కూర్చుంటానని మారాం చేస్తే అమ్మను వెనక్కి పంపి మళ్లీ లెక్క వేయండి, 45.25 వస్తుంది. హద్దులోనే ఉంది. 172ను ఇన్ని దేశాల్లో నేర్చుకునేవాళ్లకు ఇచ్చేది ఇందుకే, చిన్న తప్పులకు అలగదు. అయినా మీరు కొనే విమానం సొంత తూకం కాగితం లేకుండా ఈ అంకెలు వాడకండి. ఇవి అభ్యాసానికి మాత్రమే.

ఇక అసలు చిక్కు మన నేలది, మన ఎండది.

జయపురం ఎయిర్‌స్ట్రిప్ సముద్ర మట్టానికి సుమారు 2,000 అడుగుల ఎత్తులో ఉంది. భువనేశ్వర్ నుంచి తొమ్మిది మంది పట్టే సెస్నా కారవాన్ 2022లో దిగడం మొదలుపెట్టింది అక్కడే. ప్రామాణిక లెక్కలో ఆ ఎత్తున ఉండాల్సిన వేడి 11 డిగ్రీలు. మే నెల మధ్యాహ్నం 38 అనుకోండి. తేడా 27 డిగ్రీలు. డిగ్రీకి 120 అడుగుల చొప్పున 3,240. దానికి 2,000 కలిపితే 5,240. అంటే విమానానికి తాను 5,240 అడుగుల ఎత్తున ఉన్నట్టే ఉంటుంది. దీన్నే డెన్సిటీ ఆల్టిట్యూడ్ అంటారు. ఎండాకాలం గాలి పీడనం కూడా తక్కువే కాబట్టి ఇంకో 200, 300 అడుగులు కలుస్తాయి. గాలి పల్చబడితే ఇంజన్‌కు ఊపిరి చాలదు, ప్రొపెల్లర్‌కు పట్టు దొరకదు, రెక్క కింద ఆసరా తగ్గుతుంది. మూడూ ఒకేసారి.

172ఎస్ పుస్తకం చూడండి. సముద్ర మట్టంలో, ప్రామాణిక వాతావరణంలో, నిండు బరువుతో 50 అడుగుల అడ్డంకి దాటడానికి 1,630 అడుగులు కావాలి. 2,000 అడుగుల ఎత్తులో 38 డిగ్రీలకు అది సుమారు 2,300 అవుతుంది. అదీ కొత్త విమానం, పొడి రన్‌వే, అనుభవమున్న పైలట్ అయితే. రన్‌వే కంటే నన్ను ఎక్కువ భయపెట్టేది ఆ తర్వాతి పది నిమిషాలు. ఎక్కే వేగం నిమిషానికి 730 అడుగుల నుంచి 550 దరిదాపుల్లోకి పడిపోతుంది, పైకి పోయేకొద్దీ ఇంకా తగ్గుతుంది. విశాఖ వైపు తిరిగితే ఎదురుగా తూర్పు కనుమలు. దేవమాలి శిఖరం 1,672 మీటర్లు, అంటే దాదాపు 5,500 అడుగులు. ఊరు దాటాక కొండల మీదికి తిన్నగా పోకండి. ముందు రన్‌వే దగ్గరే చుట్టూ తిరిగి ఎత్తు సంపాదించుకోవాలి.

అదే విమానం, అదే కుటుంబం, జనవరి ఉదయం 10 డిగ్రీలప్పుడు బయలుదేరితే 1,900 అడుగుల్లో పని జరిగిపోతుంది. అందుకే మన వైపు మే నెలలో కుటుంబంతో ఎగిరేవాళ్లు ఉదయం ఏడు లోపే చక్రాలు లేపాలి. మధ్యాహ్నం భోజనం చేసి తీరిగ్గా బయలుదేరదాం అంటే కుదరదని నానమ్మకు ముందే చెప్పి పెట్టండి.

ఇప్పుడు ఇదే కొలబద్దతో మిగతా విమానాలు. పైపర్ ఆర్చర్‌ది కూడా 172ఎస్ లాగే 180 గుర్రాల (హార్స్‌పవర్) ఇంజన్, 2,550 పౌండ్ల గరిష్ఠ బరువు. లెక్క 172కు దగ్గరగానే వస్తుంది. కానీ తలుపు ఒక్కటే, కుడి పక్కన. రెక్క మీద కాలు పెట్టి ఎక్కాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు అదొక పరీక్ష. 172కు రెండు పక్కలా తలుపులున్నాయి, పై రెక్క నీడ కూడా ఇస్తుంది. ఎండలో పిల్లల్ని ఎక్కించేటప్పుడు ఆ నీడ విలువ తెలుస్తుంది. ఇంకోటి, ఆర్చర్‌లో పెట్రోలు ఎడమ ట్యాంకు నుంచో కుడి ట్యాంకు నుంచో మాత్రమే వస్తుంది, మధ్యమధ్యలో మార్చడం పైలట్ గుర్తుంచుకోవాలి. 172లో రెండూ కలిపి వదిలేయవచ్చు.

సెస్నా 182 నిజంగా నలుగురి విమానం. 230 గుర్రాలు, గరిష్ఠ బరువు 3,100 పౌండ్లు, యూజ్‌ఫుల్ లోడ్ సుమారు 500 కిలోలు. మన 280 పోగా 220 కిలోలు, అంటే 305 లీటర్లు పోయవచ్చు. ట్యాంకులు 329 లీటర్లవి, దాదాపు నిండినట్టే. మే నెల ఎండలోనూ కొండలు దాటే సత్తువ ఉంటుంది. గంటకు 50 లీటర్లు తాగడం దాని ఖర్చు. సిర్రస్ ఎస్‌ఆర్22కు 310 గుర్రాల ఇంజన్‌తో పాటు మొత్తం విమానాన్నే దించే పారాచూట్ ఉంది. ఇంట్లోవాళ్ల టెన్షన్ తగ్గడానికి అది బాగానే పనిచేస్తుంది, పదేళ్లకోసారి దాన్ని మార్చే బిల్లు వచ్చేదాకా.

వీటన్నిటికీ ఆవ్‌గ్యాస్ కావాలి. మన దేశంలో అది చాలా ఏళ్లు దిగుమతి సరుకే. ఇండియన్ ఆయిల్ 2022లో వడోదరలో తయారీ మొదలుపెట్టింది. అయినా చిన్న ఊళ్లలో డ్రమ్ములు తెప్పించుకుని ఉంచుకోవాల్సిందే. ఇక్కడే డైమండ్ డీఏ40 ఎన్‌జీ నా లెక్కలో ముందుకొస్తుంది. దాని 168 గుర్రాల ఇంజన్ జెట్ ఏ-1 తాగుతుంది, పెద్ద విమానాలు పోయించుకునే ఇంధనమే. గరిష్ఠ బరువు 1,310 కిలోలు, ఖాళీ బరువు 900 అనుకుంటే 410 మిగులుతుంది. మన 280 పోగా 130. పెద్ద ట్యాంకులు నింపితే 148 లీటర్లు, లీటరు 0.8 చొప్పున 118 కిలోలు. కుటుంబం, నిండు ట్యాంకు రెండూ పట్టాయి, పైగా గంటకు 25 లీటర్ల చుట్టూ సరిపోతుంది. ఇంజన్‌లోకి గాలిని ఒత్తి ఎక్కించే టర్బో ఉండటంతో వేడిలో, ఎత్తులో ఇంజన్ బలం అంతగా పడిపోదు. రెక్కకు మాత్రం పల్చటి గాలే, కాబట్టి టేకాఫ్ పట్టిక దీనికీ తప్పదు. వెనక సీట్లకు వేరే తలుపుంది. లోపం ఒకటే, నెత్తి మీదంతా అద్దం. ఎండలో నిలిపితే లోపల కాలిపోతుంది, తెల్ల గుడ్డ కప్పి ఉంచాలి.

జయపురంలో ఉండి హైదరాబాద్, భువనేశ్వర్ తిరిగే కుటుంబానికి నేను డీఏ40 ఎన్‌జీ అంటాను. ఆవ్‌గ్యాస్ డ్రమ్ముల ఏర్పాటు ఉన్నవాళ్లకు, ఇద్దరు పిల్లలూ పెద్దవాళ్లవుతున్నవాళ్లకు 182. ముగ్గురే ఉన్న ఇంటికి 172 చాలు, దాని మీద ఇంకో రూపాయి పెట్టనక్కర్లేదు.

అభ్యాసం: బరంపురం దగ్గర రంగైలుండా ఎయిర్‌స్ట్రిప్‌ను సముద్ర మట్టంలోనే ఉందనుకోండి, అక్కడ ప్రామాణిక వేడి 15 డిగ్రీలు. మే నెలలో 36 డిగ్రీలప్పుడు పైన చెప్పిన 172ఎస్‌లో 80, 75, 70, 66 కిలోల నలుగురు పెద్దవాళ్లు, 20 కిలోల సామానుతో బయలుదేరాలి. డెన్సిటీ ఆల్టిట్యూడ్ ఎంత? ఎన్ని లీటర్లు పోయవచ్చు? 66 కిలోల మనిషి ముందు కూర్చుంటే బాగుంటుందా, వెనకా? జవాబులు వచ్చే పాఠం మొదట్లో ఇస్తాను. ఆ పాఠంలో పాత విమానం లాగ్‌బుక్ చదవడం నేర్చుకుందాం.