రెండెకరాల సరుగుడు తోట: నారు కొనడం నుంచి కాటా చీటీ దాకా

సరుగుడు అనండి, సర్వి అనండి, సవక అనండి, చెట్టు ఒకటే. సింగరాయకొండ, ఉలవపాడు, కావలి దిగువ ఇసుక నేలలకు బాగా అతికిన తోట. చిన్న రైతు ఇందులో దెబ్బతినేది ముఖ్యంగా రెండు రోజుల్లో: నారు కొనే రోజు, కట్టె తూచే రోజు.

ముందు కాగితాలు. పాస్‌బుక్, 1బి (భూమి హక్కుల నకలు), అడంగల్ (సాగు వివరాల నకలు) మూడింట్లో విస్తీర్ణం ఒకటేనా చూసుకోండి. హద్దు మీద అనుమానముంటే నాటకముందే కొలిపించి రాళ్లు పాతించండి. చెట్లు పెరిగాక గొలుసు లాగడం కష్టం, పక్క పొలం వాళ్లతో తగువు సులువు. నాటిన సీజన్‌లోనే రైతు సేవా కేంద్రంలో ఈ-క్రాప్ (ఆన్‌లైన్ పంట నమోదు) రాయించండి. తుపాను పోయాక పరుగెత్తితే ఫలితం ఉండదు. తెగులు, ఎరువుల సలహాకు దర్శి, నెల్లూరు కృషి విజ్ఞాన కేంద్రాలున్నాయి. మొక్కల కోసం అటవీ శాఖ నర్సరీలనూ అడగండి.

నారు క్లోన్‌దే, అంటే గింజ నుంచి కాక మేలైన చెట్టు కొమ్మ నుంచి పెంచినదే తీసుకోండి. సీహెచ్-1, సీహెచ్-5 లాంటి సంకర క్లోన్లు కోయంబత్తూరులోని కేంద్ర అటవీ పరిశోధన సంస్థ తీసినవి. పేరు చెప్పగానే నమ్మకుండా కప్పులోంచి నాలుగైదు మొక్కలు బయటకు తట్టి చూడండి. మట్టి ముద్ద చెదరకుండా రావాలి, తెల్లటి వేళ్లు కనబడాలి. వేరు అడుగున గోధుమ రంగు తిరిగి చుట్ట చుట్టుకుపోయి ఉంటే ఆ నారు ముదిరిపోయింది. నాటాక పైకి బాగానే లేస్తుంది, రెండో ఏట గాలివానకు వేళ్లతో సహా పడిపోతుంది. జానెడున్నర ఎత్తు, ఎండకు అలవాటు పడిన మొక్క మంచిది. తోటంతా ఒకే క్లోన్ వేయొద్దు. కనీసం రెండు రకాలు వేర్వేరు మడులుగా పెట్టండి.

మనకు పెద్ద వానలు అక్టోబరు, నవంబరుల్లోనే కాబట్టి మొదటి పదునుకే నాటేయాలి. 5×5 అడుగుల దూరంలో ఎకరాకు 1,742 మొక్కలు పడతాయి. ఏడాది పాటు మధ్యలో వేరుశనగ వేసి ట్రాక్టరు తిప్పాలంటే 6×4 పెట్టండి, 1,815 వస్తాయి. గుంటకు గుప్పెడు వేపపిండి కలిపితే చెదలు కొంత తగ్గుతాయి. కొత్త నేలయితే తెగులు లేని పాత సరుగుడు తోటలో వేళ్లకు పట్టిన బుడిపెలు తెచ్చి, నలిపి, నీళ్లలో కలిపి మొక్క మొదట్లో పోయండి. గాలిలోని నత్రజనిని పట్టే ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి వాటిలో ఉంటుంది. వేరుశనగ బుడిపెలు దీనికి పనికిరావు, అందులోది వేరే జాతి.

ఆరు నెలలు దాటాక కింది మూడో వంతు కొమ్మలను కత్తెరతో తీయండి. చేత్తో లాగితే బెరడు చీలుతుంది, ఆ గాయమే తెగులుకు దారి. కాండం మీద పొక్కులు లేచి, పగిలి, మసి లాంటి నల్లటి పొడి రాలితే అది బెరడు పొక్కు తెగులు. దానికి మందు వెతుకుతూ కూర్చోవద్దు. చెట్టును వేరుతో తీసి కాల్చి, వేళ్లు ఆనకుండా చుట్టూ కాలువ తీయండి. నీరు నిలిచే పల్లంలో ఇది ఎక్కువ.

సరుగుడు, జామాయిల్, సుబాబుల్ నరకడానికి, రవాణాకు అటవీ శాఖ పర్మిట్ మినహాయింపు ఉంది. అయినా లారీ పిలిచే ముందు రేంజి ఆఫీసులో తాజా సంగతి కనుక్కోండి. గట్టు మీద టేకు, ఎర్రచందనం ఉంటే వాటి లెక్క పూర్తిగా వేరు, అనుమతి లేకుండా కత్తి పెట్టొద్దు.

ఇక అమ్మకం. గుత్తకు, అంటే తోటంతా కలిపి ఒకే ధరకు అడిగితే ముందు మీ లెక్క మీరు వేసుకోండి. బతికున్న చెట్లన్నీ లెక్కపెట్టి, సన్నం, మధ్యరకం, లావు కలిపి పది కొట్టి తూచండి. సగటు 20 కిలోలు వచ్చి, ఎకరాలో 1,500 చెట్లుంటే 30 టన్నులు. టన్ను లెక్కన అమ్మితే ధర బెరడుతోనా, తీసా, ఎంత లావు దాకా తీసుకుంటారు అన్నవి ముందే రాయించుకోండి. నరికిన కట్టె ఎండేకొద్దీ బరువు తగ్గుతుంది, కాబట్టి లారీ వచ్చే ముందు రోజు కంటే ముందే నరకనివ్వద్దు.

కాటా దగ్గర మీరే ఉండండి. ఖాళీ లారీ తూకంలో అయిదుగురు కూలీలు పైన కూర్చుని, లోడు తూకానికి దిగిపోతే 300 కిలోలు మీ లెక్కలోంచి పోయినట్టే. తాళ్లు, టార్పాలిన్ పట్టా, డ్రైవరు రెండు తూకాలకూ ఒకేలా ఉండాలి. రెండు చీటీల మీదా లారీ నంబరు, టైము చూసి ఫోటో తీసుకోండి. నరికాక సరుగుడు మొదలు జామాయిల్ లాగా నమ్మకంగా పిలకలు వేయదు. మొద్దులు తవ్వించే ఖర్చు ఎవరిదో, ఆ వంటచెరకు ఎవరికో బేరంలోనే తేల్చుకోండి.