సోషియాలజీ అప్రెంటిస్‌షిప్, 4వ పాఠం: ఆ మాట ఎవరిది?

పోయిన పాఠం తర్వాత మీరు పంపిన ఫీల్డ్ నోట్సు చదివాక రెండు రోజులు మనసు మనసులో లేదు. తప్పు నాదే. "రీసెర్చి గైడుకు చదివే టైముండదు, క్లుప్తంగా రాయండి" అన్నది నేను. మీరు అక్షరాలా అలాగే రాశారు. అందుకే ఈ వారం చెప్తానన్న శాంపిలింగ్‌ను (ఎవరెవరిని అడగాలో ఎంచుకోవడం) పక్కన పెడుతున్నాను.

పాలమూరు జిల్లా దేవరకద్ర వైపు వెళ్లిన ఒకరి నోట్సులో ఒకే వాక్యం ఉంది: "పేదరికం కారణంగా కుటుంబం వలస వెళ్లింది." ఫోన్ చేసి, ఆ ఇంటామె నిజంగా ఏమందో గుర్తు చేసుకోమన్నాను. కాసేపాగి చెప్పారు: "మేస్త్రి ముందుగాల పైసలిచ్చిండు. బిడ్డ పెండ్లికే అయిపాయె. ఇంక పోక తప్పుతదా?"

రెండూ పక్కపక్కన పెట్టి చదవండి. మీ వాక్యంలో మేస్త్రి లేడు, అడ్వాన్స్ లేదు, బిడ్డ పెళ్లి లేదు. పాలమూరు కూలీల సంగతి తెలియాలంటే గుంపు మేస్త్రి దగ్గర మొదలుపెట్టాలి. ముందు డబ్బు చేతిలో పెడతాడు, అది తీరేదాకా పని చేయించుకుంటాడు. "పోక తప్పుతదా" అన్న మాటలో ఆ కట్టుబాటు మొత్తం ఉంది. పేదరికం అన్న మాట ఆమె అనలేదు, మీ సిలబస్ అంది. ఊళ్లో పేదలందరూ పోరు కదా? ఎవరు పోయారు, ఎవరు ఆగారు, ఎవరి చేతి పైసలతో పోయారు అన్నదే మీ గైడుకు కావాల్సింది. మీ వాక్యం ఆ మూడు ప్రశ్నలనూ మూసేసింది.

ఇంకొకరు పోచంపల్లి నుంచి "మహిళలు ప్రీ-లూమ్ పనుల్లో సహకరిస్తారు" అని రాశారు. ఈ "సహకరిస్తారు" చూసి నాకు నిజంగా కోపం వచ్చింది. మగ్గం మీద నేతకు ముందు చేసే ఆ పని పేరు ఆసు పోయడం. ఒక్క చీరకే దారాన్ని కొయ్యల చుట్టూ ఇటూ అటూ తిప్పుతూ చెయ్యి వేలసార్లు ఆడాలి. చింతకింది మల్లేశం ఆసు యంత్రం కనిపెట్టింది ఆసు పోసే తల్లి భుజం నొప్పి చూడలేకే. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆసు పోసినందుకు ఇంటి ఆడవాళ్లకు విడిగా కూలి ఉందా లేదా అని అడగాల్సిన చోట "సహకారం" అని రాస్తే, అడగాలన్న ఆలోచనే రాదు.

ఇప్పుడు పద్ధతి. లాంగ్ నోట్‌బుక్ తీసుకోండి. ఎడమ పేజీలో వాళ్ల మాట, వాళ్ల యాసలోనే. "పోయినం" అంటే "పోయినం" అనే రాయాలి, "వెళ్లాము" అని దిద్దొద్దు. మీ ఆలోచన, కాన్సెప్టు, అనుమానం కుడి పేజీలో. సరిగ్గా గుర్తులేని మాటకు కొటేషన్ గుర్తులు పెట్టొద్దు. నేనైతే ఊరి నుంచి వచ్చాక, రాసేదాకా ఆ సంగతి ఇంకెవరితోనూ మాట్లాడను. ఒకసారి నోటితో చెప్పామంటే కథ మనదైపోతుంది. రాశాక అదే రాత్రి పేజీలు ఫోటో తీసి మెయిల్‌లో పెట్టుకుంటాను. సోషియాలజిస్టు ఎం.ఎన్. శ్రీనివాస్ 1948లో మైసూరు దగ్గరి పల్లెలో రాసుకున్న నోట్సుకు ఆ తర్వాత తయారుచేసిన మూడు ప్రతులూ 1970 ఏప్రిల్‌లో స్టాన్‌ఫర్డ్‌లో మంటలపాలయ్యాయి. మూడూ ఒకేచోట ఉండటమే కారణం.

అనుమతి అడగడం, పేర్లు మార్చడం మీకు తెలిసినవే.

డిగ్రీ పిల్లలకు ట్యుటోరియల్ చెప్పే వాళ్లకు ఒక్క మాట. క్లాసులో ముందు ఎడమ పేజీ చదవండి. "ఈమె ఎందుకు పోయింది?" అని అడిగి, పది నిమిషాలు పిల్లల్నే మాట్లాడనివ్వండి. వలస నిర్వచనం బోర్డు మీద ఆ తర్వాతే రాయాలి. ముందే రాస్తే అందరూ అదే అప్పజెప్తారు.

అభ్యాసం: మీ ఇంట్లోనో వాడకట్టులోనో ఊరు విడిచి పనికి పోయొచ్చిన పెద్దవాళ్లు ఒకరి దగ్గర అరగంట కూర్చోండి. మొదటి ప్రశ్న "అప్పుడు ఏమైంది?" అనే ఉండాలి, "ఎందుకు పోయారు?" అనొద్దు. అదే రాత్రి కనీసం ఆరు పేజీలు రాయండి. మర్నాడు పొద్దున వాళ్లకే చదివి వినిపించండి. "నేనట్ల అనలే" అన్న ప్రతిచోటా ఎర్ర పెన్నుతో గీత పెట్టి, వాళ్లు చెప్పినట్టు తిరగరాయండి. ఆదివారం లోపు నాకు పంపాల్సింది ఎడమ పేజీలే, ఎర్ర గీతలతో సహా.